ఎముకల సూప్: అపోహలు, వాస్తవాలు

ఎముకల సూప్ కాయడం, కాయడం నేర్పించడం నా పని. కొత్తగా నేర్చుకోవడానికి వచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ దాదాపు అవే నమ్మకాలు వినిపిస్తాయి. కొన్ని ఎవరికీ హాని చేయవు. ఒకటి మాత్రం మనిషిని మంచాన పడేస్తుంది, దాన్ని చివర్లో వివరంగా చెబుతాను.

అపోహ: ఎముకల్లో కాల్షియం అంతా సూప్‌లోకి దిగుతుంది.

దిగదు. ఎముకకు గట్టిదనం ఇచ్చేదే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం. అది నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. 10 గంటలు కాచాక కూడా మేక ఎముక గట్టిగానే ఉందంటే కాల్షియం ఎక్కడ మిగిలిందో మీకే అర్థమవుతుంది. చెంచాడు వెనిగర్ వేస్తే కొంచెం ఎక్కువ వస్తుంది కానీ పాలతో పోల్చేంత కాదు. సూప్ తాగుతున్నామని పాలు, పెరుగు మానేయకండి.

అపోహ: ఫ్రిజ్‌లో గడ్డకడితే పాడైపోయినట్టు.

దీనివల్ల ఎంత మంచి సూప్ సింకు పాలవుతుందో! ఎముకల చివర్లలో, కీళ్లలో, చర్మంలో ఉండే కొలాజెన్ అనే మాంసకృత్తి వేడికి గంటల తరబడి నాని జెలటిన్‌గా మారుతుంది. చల్లబడితే పేరుకునేది అదే. మర్నాడు గిన్నెను పక్కకు వంచి చూడండి. సూప్ జారకుండా అంచు దగ్గర వణుకుతూ నిలబడితే చక్కగా కుదిరినట్టు. మళ్లీ పొయ్యి మీద పెడితే నిమిషాల్లో కరిగిపోతుంది. పైన తెల్లగా పేరుకున్న పొర మాత్రం కొవ్వు, దాన్ని తీసేయొచ్చు.

పేరుకోలేదా? నీళ్లు ఎక్కువై ఉంటాయి. ఎముకలు మునిగి పైన రెండు వేళ్ల ఎత్తుంటే చాలు. లేదా అన్నీ మూలుగ ఎముకలే వేసి ఉంటారు. మూలుగ ఇచ్చేది ఎక్కువగా కొవ్వు. జెలటిన్ కావాలంటే కోడి కాళ్లు, మెడ, కీళ్ల ముక్కలు కలపాలి.

అపోహ: ఎంత సలసల మరిగితే అంత సారం.

మంట పెంచితే కొవ్వు చిన్న చిన్న బిందువులుగా చితికి నీళ్లలో కలిసిపోతుంది. తెట్టు కూడా లోపలికే పోయి సూప్ మురికిగా, జిడ్డుగా తయారవుతుంది. అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేచేంత సిమ్‌లో పెట్టండి. కోడి ఎముకలకు నాలుగు నుంచి ఆరు గంటలు, మేకవైతే ఎనిమిది నుంచి పన్నెండు. తెట్టు విషమని భయపడతారు గానీ, అది గడ్డకట్టిన మాంసకృత్తులే. రుచి కోసం, తేటగా ఉండటం కోసం తీస్తాం.

ప్రెషర్ కుక్కర్ వాడితే పోషకాలు పోతాయన్న టెన్షన్ అసలు వద్దు. 1679లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ చూపించిన తొలి ప్రెషర్ పాత్ర ఎముకలు మెత్తబడేలా ఉడికించడానికి చేసిందే. రెండు మూడు గంటల్లో పని అయిపోతుంది. ప్రెషర్ దానంతట అది దిగాకే మూత తీయండి.

అపోహ: సూప్‌లోని కొలాజెన్ నేరుగా మోకాళ్లకు చేరుతుంది.

కడుపులోకి వెళ్లిన జెలటిన్ కూడా మిగతా మాంసకృత్తుల్లాగే అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా విడిపోతుంది. వాటిని ఎక్కడ వాడుకోవాలో శరీరమే చూసుకుంటుంది. పైగా జెలటిన్‌లో ట్రిప్టోఫాన్ అనే, తిండి ద్వారానే అందాల్సిన అమైనో ఆమ్లం ఉండదు కాబట్టి దాన్ని సంపూర్ణ ప్రొటీన్ అనలేం. పప్పో గుడ్డో మాంసమో తినాల్సిందే.

అపోహ: అంతసేపు మరిగింది కదా, రాత్రంతా పొయ్యి మీదే ఉంచినా ఏం కాదు.

నేను భయపడేది దీనికే. మరిగినా చావని బ్యాక్టీరియా బీజాలుంటాయి. పెద్ద గిన్నె మెల్లగా చల్లారుతూ గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మొలకెత్తి పెరుగుతాయి. పొద్దున్న మళ్లీ కాచినా, కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషం మరిగినా పోదు. వాసన కూడా మామూలుగానే ఉండొచ్చు.

అందుకే దించగానే వడకట్టి, వెడల్పాటి గిన్నెల్లో పలుచగా పోయండి. సింకులో ఐసు నీళ్లు నింపి వాటిని అందులో నిలబెట్టి కలుపుతూ ఉండండి. 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో రావాలి, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లోపు. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు ఉంచొచ్చు. ఒక్కసారికి సరిపడా చిన్న డబ్బాల్లో పోసి, మూత మీద తేదీ రాసి పెట్టండి. గడ్డకడితే ఉబ్బుతుంది కాబట్టి డబ్బాను అంచు దాకా నింపొద్దు.