కోరింగ మడ అడవి పాడైంది ఊళ్ల వల్లేనా?

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డులో చొల్లంగి దాటాక ఎడమ పక్క కనపడే, ఉప్పునీటి బురదలో పెరిగే మడ అడవి గురించి మాటొస్తే చాలు, చుట్టుపక్కల ఊళ్లోళ్లు పుల్లలకి కొట్టేశారు, గేదెల్ని తోలేశారు అంటారు. అది సగం నిజమే అండి, మిగతా సగం వదిలేసి కోరంగి, గాడిమొగ, భైరవపాలెం జనం మీదకి తోసేయడం మాత్రం అన్యాయం.

1978లో దీన్ని అభయారణ్యం చేశారు, 235 చదరపు కిలోమీటర్లు పైనే. అంతకుముందు ఏళ్ల తరబడి కూపులు వేసి, అంటే అడవిని ముక్కలుగా పంచి, వరసగా నరికించింది ప్రభుత్వమే. మడలో ఒక చోట చెట్లన్నీ ఒకేసారి తీసేస్తే ఎండ నేరుగా బురద మీద పడి నేల కుంగిపోద్ది, పోటుకి లోపలికొచ్చిన నీళ్లు పాటుకి వెనక్కెళ్లలేక అక్కడే ఎండిపోయి ఉప్పు పేరుకుంటది, ఇంక ఆ ఉప్పులో గింజ పడ్డా మొక్క నిలబడదు. దానికి తోడు 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక వేసవిలో కిందకొచ్చే మంచినీళ్లు తగ్గాయి (డెల్టాలో మనం తినే అన్నం ఆ కాలవల పుణ్యమే, అది కాదనను). 90ల్లో రొయ్యల చెరువులొచ్చాయి.

1996 నవంబర్ 6 తుపాను కోనసీమ మీద విరుచుకుపడి వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసింది, వేటకెళ్లిన ఎంతోమంది తిరిగి రాలేదు. తర్వాత నెలలోనే తీరంలో రొయ్యల చెరువులకి వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పొచ్చింది.

అప్పుడు ఊళ్లని కలుపుకోవడం మొదలైంది. రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరి కమిటీలు, 1992 నుంచే ఉన్నాయి, ఇక్కడ అటవీ శాఖ, ఎంఎస్ స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు ఊరి కమిటీలతో కూర్చుని, బోడి నేలలో పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు, చేప ముల్లులాగా తవ్వించారు. పోటు నీళ్లు వచ్చిపోవడం మొదలయ్యాక ఉప్పు కడిగేసుకుపోయి, నాటిన మడ మొక్కలు నిలబడ్డాయి. తవ్వింది, నాటింది, కాపలా కాసింది ఎవరనుకున్నారు, ఈ నింద మోస్తున్న ఊళ్లోళ్లే.

అందుకే 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టేశారని వ్యవహారం ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్తే కడుపు మండింది. మడ పుల్ల విరిచాడని మత్స్యకారుణ్ణి తిట్టే ముందు కూపుల లెక్క, ఆ ఇళ్ల స్థలాల లెక్క కూడా అడగాలి.