డిబుల్ ఎవరినీ ఎందుకు అరెస్టు చేయడు?

2020 జూన్‌లో అమెరికాలో ఒక కార్టూన్ కుక్కపిల్ల వివాదంలో ఇరుక్కుంది. మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ పోలీసు చేతిలో చనిపోయాక దేశమంతా నిరసనలతో అట్టుడుకుతున్న రోజులవి. ‘పా పెట్రోల్’ అనే పిల్లల ధారావాహికలో ఛేజ్ అనే జర్మన్ షెపర్డ్ పిల్ల పోలీసు యూనిఫాం వేసుకుని తిరుగుతూ ఉంటుంది. దాన్నీ కొలువు నుంచి తీసేయాలని సామాజిక మాధ్యమాల్లో చాలామంది వేళాకోళంగా, కొందరు నిజంగానే రాశారు. 1989 నుంచి నడుస్తున్న ‘కాప్స్’ అనే పోలీసు కార్యక్రమం జూన్ 9న రద్దయింది. జులైలో వైట్‌హౌస్ ప్రతినిధి ‘పా పెట్రోల్’ కూడా రద్దయిందని విలేఖరులకు చెప్పారు. అదేమీ లేదని ఆ ధారావాహిక వాళ్లు వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది.

ఈ గొడవ కొత్తగా మొదలైంది కాదు. తెర మీద పోలీసు ఎలా కనిపించాలనే తగువు అమెరికాలో సినిమా అంత పాతది. దానిలో అటూ ఇటూ కాకుండా సరిగ్గా మధ్యన నిలబడ్డవాడు 1961లో వచ్చిన ‘టాప్ క్యాట్’ అనే అమెరికన్ కార్టూన్ ధారావాహికలోని ఆఫీసర్ డిబుల్. పిల్లుల ముఠా వెంట లాఠీ పట్టుకుని తిరిగే ఆ నీలం యూనిఫాం మనిషి అంత మెత్తగా ఎందుకున్నాడో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మూకీల కాలంలో పోలీసు అంటే నవ్వులాట. 1912లో మాక్ సెనెట్ కీస్టోన్ స్టూడియో పెట్టి, ఒకరి మీద ఒకరు పడిపోయే పోలీసు దండును తెరకెక్కించాడు. జనం విరగబడి నవ్వారు, పోలీసు అధికారులు మాత్రం నవ్వలేదు. పోలీసు అధిపతుల అంతర్జాతీయ సంఘం 1910లోనే సినిమాల్లో తమను చూపే తీరును ఖండిస్తూ తీర్మానం చేసింది. పత్రికల బొమ్మల కథల్లో ఇంకో రకం పోలీసు పుట్టాడు. జార్జ్ హెరిమన్ 1913 నుంచి 1944లో చనిపోయేదాకా గీసిన ‘క్రేజీ క్యాట్’లో ఆఫీసర్ పప్ అనే కుక్క, పిల్లి మీద ఇటుకలు విసిరే ఎలుకను రోజూ జైల్లో వేస్తుంది. ఆ పోలీసు కుక్కకు పిల్లి మీద మూగప్రేమ. పిల్లినీ పోలీసునూ ఒక బంధంతో ముడివేసిన ఆ కథను డిబుల్‌కు తాతగా నేను లెక్కవేస్తాను. ఎవరూ ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు.

ఆ తర్వాత నియమావళుల యుగం వచ్చింది. 1930లో హాలీవుడ్ రాసుకున్న కోడ్ చట్టాన్ని ఎగతాళి చేయకూడదంది. 1954 నాటి కామిక్స్ కోడ్ పోలీసుల మీద, న్యాయమూర్తుల మీద అగౌరవం కలిగించే చిత్రణే వద్దంది. టీవీ ప్రసారకర్తల సంఘం 1952లో తెచ్చిన కోడ్ కూడా అదే బాట పట్టి, పోలీసు అధికారులను గౌరవంగా, హుందాగా చూపాలని చెప్పింది. దాన్ని పాటించే టీవీ స్టేషన్లు తెర మీద ఒక ముద్ర వేసుకునేవి. అదే కాలంలో జాక్ వెబ్ తీసిన ‘డ్రాగ్నెట్’ అనే పోలీసు ధారావాహిక లాస్ ఏంజెలిస్ పోలీసు శాఖ సహకారంతో నడిచింది. దాని స్క్రిప్టులు శాఖ కళ్లముందు నుంచి వెళ్లేవి. అందులో పోలీసు నవ్వడు, మనల్ని నవ్వించడు.

సరిగ్గా ఆ వాతావరణంలో 1961 సెప్టెంబర్ 27న ఏబీసీ ఛానల్లో ‘టాప్ క్యాట్’ మొదలైంది. హాలీవుడ్ సినిమా సంస్థ ఎంజీఎం తన కార్టూన్ విభాగాన్ని మూసేయడంతో 1957లో సొంత స్టూడియో పెట్టుకున్న విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అప్పటికే ‘ఫ్లింట్‌స్టోన్స్’తో రాత్రివేళ పెద్దలు కూడా చూసే కార్టూన్‌ను నిలబెట్టారు. దానికి ఒక పాత కామెడీ ధారావాహికను ఆధారం చేసుకున్నట్టే, దీనికి ఫిల్ సిల్వర్స్ సార్జెంట్ బిల్కోగా నటించిన ధారావాహికను ఎంచుకున్నారు. 1955 నుంచి 1959 దాకా సాగిన ఆ కథలో బిల్కో సైనిక శిబిరంలో ఎప్పుడూ ఏదో ఒక జూదం, ఏదో ఒక మోసం నడుపుతుంటాడు. ఏదో జరుగుతోందని పసిగట్టినా ఏమీ చేయలేక తల పట్టుకునేవాడు అతని పైఅధికారి కర్నల్ హాల్. శిబిరాన్ని న్యూయార్క్ మన్‌హటన్‌లోని హోగీస్ అలీ అనే సందుగా, సైనికులను పిల్లులుగా మారిస్తే కర్నల్ స్థానంలో ఎవరుండాలి? ఆ సందులో అధికారం ఉన్న మనిషి బీటు పోలీసు ఒక్కడే. బిల్కో సైనికుల్లో ఒకడైన డోబర్మన్ పాత్రధారి మారిస్ గోస్‌ఫీల్డే ఇక్కడ బెన్నీ అనే పిల్లికి గొంతు ఇచ్చాడంటే బంధుత్వం దాచుకోవాలనే ఉద్దేశం కూడా వాళ్లకు లేదన్నమాట.

ఇంకో విశేషముంది. బిల్కోను సృష్టించిన నాట్ హైకెన్ అదే నెలలో, పది రోజుల ముందు, ఎన్‌బీసీలో ‘కార్ 54, వేర్ ఆర్ యూ?’ ప్రారంభించాడు. న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఇద్దరు పోలీసుల మీద నడిచే కామెడీ అది. బిల్కోకు తండ్రి ఒకవైపు, బిల్కోను అనుకరించినవాళ్లు ఇంకోవైపు, ఒకే నెలలో న్యూయార్క్ పోలీసుతో నవ్వించే పని పెట్టుకున్నారు.

కోడ్ ప్రకారం పోలీసును చులకన చేయకూడదు. కామెడీకి మాత్రం అతను ఓడిపోవాలి. డిబుల్ పాత్రలోని కిటుకంతా ఈ రెండింటి మధ్య ఇరుకులో ఉంది. అతను మోసపోతాడు, ఎవరినీ మోసం చేయడు. లంచం పుచ్చుకోడు, కొట్టడు. సందు శుభ్రం చేయమంటాడు, స్తంభానికి ఉన్న పోలీసు ఫోనును ముట్టుకోవద్దంటాడు. ముఠా నాయకుడైన టాప్ క్యాట్ అనే పిల్లి ఆ ఫోనును తన ఆఫీసు ఫోనులా వాడుకుంటూనే ఉంటుంది. అరెస్టు చేస్తానని బెదిరించడమే కానీ అంతదాకా వెళ్లడం అరుదు. వెళితే వచ్చే వారం కథ ఉండదు కదా! దీనికి ఖర్చు లెక్కలు కూడా తోడయ్యాయి. హన్నా, బార్బెరా పద్ధతిలో కదలికలు గీయడం ఖరీదు, మాటలు చవక. కాబట్టి తరిమి పట్టుకునే పోలీసు కంటే నిలబడి వాదించే పోలీసు వాళ్లకు పనికొచ్చాడు. పొగడ్తకు కరిగిపోయి, ఆనక తెలుసుకుని మండిపడే ఆ సంభాషణలే ధారావాహికకు ప్రాణం.

ఆ మాటలకు గొంతు అలెన్ జెంకిన్స్‌ది. న్యూయార్క్ స్టాటెన్ ఐలాండ్‌లో 1900లో పుట్టిన జెంకిన్స్ 1930లలో వార్నర్ బ్రదర్స్ సినిమాల్లో దొంగల నాయకుడి పక్కన ఉండే మొద్దు అనుచరుడి వేషాలకు పేరుపడ్డాడు. పోలీసుల నుంచి పారిపోతూ బతికిన గొంతుకు అరవై ఏళ్లు దాటాక పోలీసు ఉద్యోగం దొరికింది. బొంగురుగా, అలసటగా, లోపల ఎక్కడో చెడ్డవాడు కాలేని మెత్తదనంతో వినిపించే ఆ గొంతు లేకపోతే డిబుల్ ఒక టోపీ, ఒక లాఠీగా మిగిలిపోయేవాడు.

డిబుల్ ఎంత ఊహాజనితుడో అప్పటి వార్తలు చూస్తే తెలుస్తుంది. 1880ల నాటి నుంచి వీధుల్లో ఉన్న పోలీసు ఫోను పెట్టెలను, నడిచి తిరిగే బీటును అప్పటికే రేడియో ఉన్న గస్తీ కార్లు వెనక్కి నెట్టేశాయి. 1962 ఏప్రిల్‌లో 30 భాగాలతో ధారావాహిక ముగిసింది. మరుసటి ఏడాది మే నెలలో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ పోలీసులు నల్లజాతి పిల్లల మీదకు కుక్కలను వదలడాన్ని జనం టీవీలో చూశారు. 1964 జులైలో అదే మన్‌హటన్‌లో, విధుల్లో లేని ఒక పోలీసు లెఫ్టినెంట్ పదిహేనేళ్ల నల్లజాతి బాలుణ్ణి కాల్చి చంపడంతో నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉండే హార్లెం ప్రాంతం భగ్గుమంది. డిబుల్‌ను చూసి బాగా నవ్వే నేను కూడా ఆ తేదీలను పక్కపక్కన పెట్టుకున్నప్పుడు కొంచెం ఇబ్బంది పడతాను.

అయినా డిబుల్ సరిహద్దులు దాటి వెళ్లాడు. బ్రిటన్‌లో టాప్ క్యాట్ పేరుతో పిల్లుల ఆహారం అమ్ముడవుతుండటంతో బీబీసీ ధారావాహిక పేరును ‘బాస్ క్యాట్’గా మార్చింది. పాటలో, మాటల్లో మాత్రం టాప్ క్యాట్ అలాగే ఉండిపోయింది. మాంచెస్టర్ ప్రాంతంలో నిజం పోలీసులకే డిబుల్ అనే ముద్దుపేరు స్థిరపడింది. మెక్సికోలో డబ్బింగ్ చేసినప్పుడు అతను ఆఫీసర్ మటూటె అయ్యాడు, బ్రెజిల్‌లో గార్డా బేలో. లాటిన్ అమెరికాలో ఈ ధారావాహికకు సొంతగడ్డ కంటే ఎక్కువ ఆదరణ దొరికింది. హన్నా, బార్బెరాల పాత బొమ్మల నిధిని 1991లో టెడ్ టర్నర్ సంస్థ కొనుక్కుని కార్టూన్ నెట్‌వర్క్ పెట్టింది. 1995లో ఆ ఛానల్ భారత్‌కు రావడంతో అప్పటి తెలుగు పిల్లలకూ ఆ స్టూడియో బొమ్మలు పరిచయమయ్యాయి.

1983లో టీవీ కోడ్ రద్దయింది. ఆరేళ్లకు, 1989 చివరలో మొదలైన ‘సింప్సన్స్’ అనే కార్టూన్ ధారావాహిక ద్వారా పోలీసు అధిపతి చీఫ్ విగ్గమ్ వచ్చాడు. సోమరి, తిండిపోతు, లంచం అడగడానికి మొహమాటపడడు. హాంక్ అజారియా ఆ గొంతును 1930ల గ్యాంగ్‌స్టర్ నటుడు ఎడ్వర్డ్ జి. రాబిన్సన్‌ను తలుచుకుని తయారు చేశాడు. అంటే జెంకిన్స్ అనుచరుడిగా వేషాలు వేసిన ఆ పాత వార్నర్ ముఠా నుంచే ఈసారి నాయకుడి గొంతు పోలీసుకు వచ్చింది. డిబుల్‌కు రాయడం కుదరని దుర్గుణాలన్నీ విగ్గమ్‌కు హాయిగా రాయగలిగారు. 2013లో వచ్చిన ఛేజ్ దారి ఇంకొకటి. ఆ కుక్కపిల్లకు దుర్గుణం లేదు, ఎదురు చెప్పే టాప్ క్యాట్ కూడా లేదు. దాన్ని చూసి నవ్వడానికి ఏమీ లేకపోవడమే 2020లో దాన్ని దొరకబుచ్చుకునేలా చేసిందని నా అనుమానం.

డిబుల్ చివరికి మెక్సికో వాళ్ల చేతుల్లో మళ్లీ కొలువులో చేరాడు. 2011లో ఆనిమా స్టూడియో తీసిన సినిమాలో న్యూయార్క్‌కు కొత్త పోలీసు అధిపతి వస్తాడు. వీధి వీధికీ నిఘా కెమెరాలు పెట్టి, పోలీసు పనికి రోబోలను దించుతాడు. ఆ కొత్త ఏర్పాటులో డిబుల్ ఇమడలేకపోతాడు.