రోగం దాచేది తెలియకనా? అంటువ్యాధుల వేళ అపోహలు - వాస్తవాలు

ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే చేసే పని నాది. ఏ అంటువ్యాధి వచ్చినా జనం గురించి ఇవే మాటలు వినిపిస్తాయి, వింటే బాధేస్తుంది.

అపోహ: చదువు లేక, మూఢనమ్మకాల వల్ల రోగం దాస్తారు.

వాస్తవం: చెబితే ఏమవుతుందో బాగా తెలుసు కాబట్టే దాస్తారు. కోవిడ్ మొదటి వేవ్‌లో ఒక్కరికి పాజిటివ్ వస్తే వీధికి కర్రలు అడ్డం కట్టేవాళ్లు, గుమ్మం ముందు బ్లీచింగ్ చల్లేవాళ్లు, పాలబ్బాయి రావడం మానేసేవాడు, ఇంటి ఓనరు ఖాళీ చేయమనేవాడు. పక్కింట్లో ఇదంతా చూసినవాళ్లు తమకు జ్వరం వస్తే టెస్టుకు వస్తారా, ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుని గుట్టుగా పడుకుంటారా? డిగ్రీలు చదివినవాళ్లూ అదే చేశారు.

2014లో పశ్చిమ ఆఫ్రికా దేశం లైబీరియాలో ప్రాణాంతకమైన ఎబోలా వైరస్ వచ్చినప్పుడూ ఇంతే. శవాన్ని కడిగి, తాకి సాగనంపడం అక్కడి ఆచారం, శవం నుంచేమో వైరస్ సులువుగా అంటుకుంటుంది, కాబట్టి ఆపక తప్పదు. కానీ ఆగస్టులో ప్రభుత్వం రాజధాని మన్రోవియాలో శవాలను దహనం చేయాలని ఆర్డరేసింది. పూడ్చిపెట్టే అలవాటున్నవాళ్లు ఎలా తట్టుకుంటారు? రోగుల్ని ఇళ్లలోనే దాచారు, చనిపోతే రహస్యంగా పూడ్చుకున్నారు. నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ముస్లిం, క్రైస్తవ పెద్దలతో మాట్లాడి కొత్త పద్ధతి తెచ్చింది. శవాన్ని తాకకూడదు, కానీ ఇంటివాళ్లు దూరంగా నిలబడి చూడొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, సమాధికి గుర్తు ఉంటుంది. సహకారం పెరిగింది. జనం వాళ్లే, వాళ్లను అడిగిన తీరు మారింది.

అపోహ: భయపెడితేనే దారికొస్తారు.

వాస్తవం: భయపడ్డ మనిషి ముందు పారిపోతాడు. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు అనగానే కొద్ది రోజుల్లోనే లక్షల మంది రైళ్లు, బస్సులెక్కి ఊరొదిలేశారు, ప్రైవేటు డాక్టర్లు కూడా చాలామంది వెళ్లిపోయారు, మందుల షాపుల్లో ప్లేగుకు వాడే టెట్రాసైక్లిన్ అయిపోయింది.

అపోహ: ప్రభుత్వం చెబితే తప్ప జనం కదలరు.

వాస్తవం: 2020 మార్చిలో మన పల్లెల్లో పొలిమేరలకు ముళ్లకంప అడ్డం వేసింది ఊరివాళ్లే. మారడం కాదు, కేసులు తగ్గాక కూడా ఆ జాగ్రత్త నిలబెట్టుకోవడమే కష్టం.

అపోహ: క్వారంటైన్ అంటే ఇంట్లో ఉండమని గట్టిగా చెప్పడమే.

వాస్తవం: రోజు కూలీ మీద బతికేవాళ్లు గడప దాటకుండా ఎన్నాళ్లుంటారు? 2018లో కేరళలోని కోళికోడ్‌లో నిపా వైరస్ వచ్చినప్పుడు 2,000 మందికి పైగా కాంటాక్టులను, అంటే రోగులకు దగ్గరగా మెలిగినవాళ్లను గుర్తించి, ఫోన్‌లో యోగక్షేమాలు కనుక్కుంటూ, వాళ్ల ఇళ్లకు బియ్యం, సరుకులు చేర్చారు. మా సర్వే ఫారంలో జ్వరం, దగ్గు, ఆయాసం అన్నిటికీ గడులున్నాయి. ఇంట్లో సరుకులున్నాయా అని రాసుకునే గడి కూడా పెట్టమని ప్రతి మీటింగులో అడుగుతున్నాను, పెట్టేదాకా అడుగుతాను.