టూర్‌కు ఎవరు రావాలో చెప్పేదెవరు? 2008 మార్చి నుంచి తెగని పంచాయితీ

2026 జనవరి మూడో వారంలో రెండు సైకిల్ రేసులు ఒక్క రోజు తేడాతో మొదలయ్యాయి. ఒకటి పుణేలో, ఐదు రోజుల్లో 437 కిలోమీటర్ల గ్రాండ్ టూర్. ఇంకొకటి ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో టూర్ డౌన్ అండర్. రెండింటికీ అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ గుర్తింపు ఉంది. కానీ అడిలైడ్‌తో మొదలయ్యేది వరల్డ్ టూర్, అంటే పెద్ద జట్లన్నీ అక్టోబరు దాకా తలపడే సీజన్. పుణే రేసుది యూసీఐ లెక్కలో 2.2 అనే కింది తరగతి. వరల్డ్ టూర్ జట్లకు ఆ తరగతి రేసుల్లో దిగే అనుమతే లేదు.

ఆ వారం నుంచి హనుమకొండ, కాజీపేటల్లో పొద్దున్నే ములుగు రోడ్డు పట్టి సైకిల్ తొక్కే కుర్రాళ్ల మధ్య ఒకటే చర్చ. “అన్నా, మనోళ్ల టీం టూర్ డి ఫ్రాన్స్‌కు పోవాల్నంటే ఏం చెయ్యాలె?” పాయింట్లు తెస్తే చాలని కొందరు అంటున్నారు. డబ్బు పెట్టే కంపెనీ దొరికితే చాలని ఇంకొందరు. రెండూ సగం నిజాలే. యూరప్‌లోనూ ఇదే గొడవ మళ్లీ రాజుకుంది. 2026 నుంచి మూడేళ్లకు వరల్డ్ టూర్ కొత్త లైసెన్సులు ఇచ్చారు. మూడేళ్ల పాయింట్ల పట్టికలో వెనకబడ్డ ఫ్రెంచ్ జట్టు కోఫిడిస్ కిందికి దిగింది. నార్వే జట్టు ఉనో-ఎక్స్ పైకొచ్చింది. స్పాన్సర్లు దొరక్క అర్కేయా జట్టు మూతపడింది. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అన్నది అసలు ఎవరు తేలుస్తున్నారు?

టూర్‌లో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ పుట్టుక, ఆర్మ్‌స్ట్రాంగ్ డోపింగ్ కథ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. సీజన్ మొత్తానికి ఒక విజేతను తేల్చాలన్న ఆలోచన కూడా పాతదే. 1989 నుంచి 2004 వరకు వరల్డ్ కప్ నడిచింది. మిలాన్-సాన్‌రెమో లాంటి ఒక్క రోజు రేసులన్నిటినీ దండగా గుచ్చిన పోటీ అది. ఆ ఒక్క రేసే దాదాపు 300 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చి, దిగకుండా మళ్లీ హైదరాబాద్ చేరినంత దూరం. చివరి మూడేళ్లూ ఇటలీ రైడర్ పావ్లో బెట్టినీయే ఆ కప్పు గెలిచాడు. ఎవరు ఏ రేసుకు రావాలన్న పేచీ మాత్రం అప్పట్లో ఇంత ముదరలేదు.

ముదిరింది 2005లో. అప్పటి యూసీఐ అధ్యక్షుడు హైన్ వెర్‌బ్రుగెన్ ప్రో టూర్ అనే కొత్త ఏర్పాటు తెచ్చారు. టూర్ డి ఫ్రాన్స్, ఇటలీలో జరిగే జిరో, స్పెయిన్‌లో జరిగే వుయెల్టా లాంటి మూడు వారాల రేసులను, ఒక్క రోజు రేసులను, వారం రేసులను అన్నిటినీ ఒకే పట్టికలో పెట్టారు. 20 జట్లకు కొన్నేళ్లపాటు చెల్లే లైసెన్సులు ఇచ్చారు. లైసెన్సున్న జట్టు పట్టికలోని ప్రతి రేసుకూ రావాలి. ప్రతి నిర్వాహకుడూ ఆ జట్టును రానివ్వాలి.

జట్ల వైపు నుంచి చూస్తే ఇది ఎంత అవసరమో అర్థమవుతుంది. సైక్లింగ్‌లో టికెట్లు ఉండవు, రోడ్డు పక్కన నిలబడి ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. టీవీ ప్రసార హక్కుల డబ్బు రేసు యజమానికే పోతుంది, జట్లకు వాటా లేదు. జట్టు బతికేది జెర్సీ మీద పేరు రాయించుకునే స్పాన్సర్ డబ్బుతోనే. ఆ స్పాన్సర్‌కు కావలసింది జులైలో మూడు వారాలు టీవీలో కనిపించడం. “వచ్చే ఏడాది టూర్‌లో ఉంటామో లేదో చెప్పలేం” అంటూ కంపెనీ గుమ్మం ఎక్కే మేనేజర్‌కు ఎవరు చెక్కు రాసిస్తారు? కొన్నేళ్లు ఖాయంగా ఉంటామన్న హామీ దొరికితే రైడర్‌కు రెండు మూడేళ్ల కాంట్రాక్టు ఇవ్వొచ్చు, మెకానిక్‌ను నెలజీతం మీద పెట్టుకోవచ్చు. ప్రో టూర్ లైసెన్సు ఇచ్చిన హామీ అదే.

నిర్వాహకుల వాదన చిన్నది. రేసు మాది, పిలిచే హక్కూ మాదే. టూర్‌ను నడిపే ఏఎస్‌ఓ, జిరోను నడిపే ఆర్‌సీఎస్, వుయెల్టాను నడిపే యూనిపబ్లిక్ మూడూ ఈ మాట మీదే నిలబడ్డాయి. 2005 టూర్‌లో 21 జట్లు దిగితే 20 లైసెన్సున్నవే, నిర్వాహకులు తమంతట తాము పిలవగలిగింది ఒక్క ఫ్రెంచ్ జట్టునే. అది వాళ్లకు మింగుడు పడలేదు. 2008 నాటికి ఈ ముగ్గురూ తమ 11 రేసులనూ ప్రో టూర్ పట్టిక నుంచి లాగేసుకున్నారు.

ఈలోగా 2007లో యూనిబెట్ అనే జట్టు బలైంది. యూసీఐ దానికి ప్రో టూర్ లైసెన్సు ఇచ్చింది. స్పాన్సర్ ఆన్‌లైన్ బెట్టింగ్ కంపెనీ. అప్పటి ఫ్రాన్స్ చట్టం ప్రకారం పందేల మీద గుత్తాధిపత్యం ప్రభుత్వ సంస్థలది, బయటి బెట్టింగ్ కంపెనీల ప్రచారం కుదిరేది కాదు. ఆ సాకుతో ఏఎస్‌ఓ తాను నడిపే పారిస్-నీస్ రేసుకు ఆ జట్టును పిలవలేదు. అదే ఫ్రాన్స్‌లో ప్రభుత్వ లాటరీ సంస్థ పేరుతో మరో జట్టు అప్పటికే ఏళ్ల తరబడి తిరుగుతుండేది, దానికి ఏ అడ్డూ లేకపోయింది. చట్టం చట్టమే కావచ్చు. కానీ లైసెన్సు ఇచ్చిన యూసీఐ ఆ ఫీజుకు తగ్గ హక్కును ఇప్పించలేకపోయింది. మిగతా జట్లు కాసేపు మద్దతు పలికి, చివరికి యూనిబెట్ లేకుండానే పారిస్-నీస్‌కు వెళ్లిపోయాయి. సీజన్ పూర్తయ్యేసరికి జట్టు మూతపడింది. అందులో అప్పుడు 20 ఏళ్ల కొలంబియా కుర్రాడొకడు ఉన్నాడు, పేరు రిగోబెర్టో ఉరాన్. పదేళ్ల తర్వాత, 2017 టూర్‌లో రెండో స్థానంలో నిలిచింది అతనే. అతను నిలదొక్కుకున్నాడు సరే, అదే జట్టులో ఉద్యోగం పోయిన మెకానిక్‌ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

ఇక 2008 మార్చి. నా దృష్టిలో ఇవాళ్టి గొడవలన్నిటికీ మూలం ఆ వారమే. ఏఎస్‌ఓ పారిస్-నీస్‌ను యూసీఐ కింద కాకుండా ఫ్రెంచ్ సమాఖ్య కింద నడుపుతామని ప్రకటించింది. వెర్‌బ్రుగెన్ తర్వాత అధ్యక్షుడైన పాట్ మెక్‌క్వైడ్ జట్లను, రైడర్లను హెచ్చరించారు. దిగితే సస్పెన్షన్ తప్పదన్నారు. ఏఎస్‌ఓ తన కాంట్రాక్టు కాగితం పంపింది. దాని మీద సంతకం పెట్టకపోతే టూర్ తలుపు మూసుకుపోతుందేమోనన్న భయం ఒకవైపు, పెడితే యూసీఐ వేటు పడుతుందన్న భయం ఇంకోవైపు. రైడర్ల స్థితి ఊహించండి. మార్చి 9న మొదలు కావలసిన రేసుకు సైకిళ్లు, సూట్‌కేసులు సిద్ధం. తొక్కితే నేరమా, తొక్కకపోతే నేరమా చెప్పేవాళ్లు లేరు. జట్లు తొక్కడానికే మొగ్గాయి. యూసీఐ బెదిరింపు గాలికి పోయింది.

మన దగ్గర సరిగ్గా ఆ రోజుల్లోనే ఇలాంటిది ఇంకోలా జరిగింది. 2007లో ఇండియన్ క్రికెట్ లీగ్ వస్తే అందులో ఆడినవాళ్ల మీద బీసీసీఐ వేటు వేసింది. హైదరాబాద్ హీరోస్‌కు ఆడిన అంబటి రాయుడు 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టేదాకా బయటే ఉండాల్సి వచ్చింది. అక్కడ బోర్డు నెగ్గడానికి కారణం స్టేడియాలు, రంజీ, జాతీయ జట్టు అన్నీ బోర్డు చేతిలో ఉండటం. సైక్లింగ్‌లో యూసీఐకి ఏటా జరిగే ప్రపంచ చాంపియన్‌షిప్ తప్ప సొంతానికి చెప్పుకోదగ్గ రోడ్డు రేసు లేదు. రోడ్డు రేసుల్లో ఆస్తి అంతా నిర్వాహకుడిది. ఆ నిజం 2008 మార్చిలో బయటపడింది.

దాని ఫలితం జులైకే కనిపించింది. 2007 టూర్ విజేత ఆల్బెర్టో కాంటడోర్ అస్తానా జట్టులో చేరాడు. అంతకుముందు ఏడాది ఆ జట్టు డోపింగ్‌లో దొరికిందని ఏఎస్‌ఓ పిలవలేదు. కాంటడోర్ అప్పుడు ఆ జట్టులో లేడు. అయినా టైటిల్ నిలబెట్టుకునే అవకాశం పోయింది. అదే ఏడాది అతను జిరో గెలిచాడు, వుయెల్టా గెలిచాడు. టూర్ కార్లోస్ సాస్త్రేకు దక్కింది. ఆ టూర్ మధ్యలో, పో పట్టణంలో విశ్రాంతి రోజున, 18 ప్రో టూర్ జట్లలో 17 ఇక ఆ లైసెన్సులు పునరుద్ధరించుకోబోమని ప్రకటించాయి. హామీ ఇచ్చినవాడు దాన్ని నిలబెట్టుకోలేకపోతే అలాగే ఉంటుంది. (ఆ టూర్‌లో డోప్ పరీక్షలు ఫ్రెంచ్ సంస్థే చేసింది, రికార్డో రికో లాంటివాళ్లు దొరికారు. ఆ ఒక్క విషయంలో ఏఎస్‌ఓ పక్షానికి మార్కులు వేయాలి.)

సెప్టెంబరులో యూసీఐ, ఏఎస్‌ఓ రాజీ పడ్డాయి. 2011లో వరల్డ్ టూర్ అన్న పేరు వచ్చింది. లైసెన్సులు 18కి కుదిరాయి. మూడు వారాల రేసుకు 22 జట్లు కాబట్టి నాలుగు సీట్లు నిర్వాహకుల చేతికి వచ్చాయి. టీవీ డబ్బు ఊసు మాత్రం రాలేదు. రాజీ బల్ల దగ్గర సమాఖ్య కూర్చుంది, రేసు యజమాని కూర్చున్నాడు. తొక్కేవాడికి కుర్చీ లేదు.

2015 డిసెంబరులో ఏఎస్‌ఓ మళ్లీ తన రేసులను వరల్డ్ టూర్ నుంచి తీసేస్తానంది. జట్లకు మూడేళ్ల భద్రత వద్దు, పైకి కిందికి మారే పద్ధతి ఉండాలన్నది ఆ డిమాండ్. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఆ పద్ధతి చివరికి 2020-22 మూడేళ్ల పాయింట్ల లెక్కగా వచ్చింది. ఆ లెక్కలో టూర్‌లో ఒక స్టేజీ, అంటే ఒక రోజు పోటీ, గెలిస్తే 120 పాయింట్లు, బెల్జియంలోనో ఫ్రాన్స్‌లోనో 1.1 అనే చిన్న తరగతి ఒక్క రోజు రేసు గెలిస్తే 125. దిగజారే టెన్షన్‌లో ఉన్న లోటో జట్టు 20 ఏళ్ల ఆర్నో డి లీని 2022లో టూర్‌కు తీసుకెళ్లలేదు, చిన్న రేసుల్లోనే తిప్పింది. అతను తొమ్మిది గెలిచాడు. అయినా లోటో, ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ రెండూ కిందికి పడ్డాయి. 2023లో స్టేజీ గెలుపు విలువను 210కి పెంచారు. లోపం ఉందని ఒప్పుకున్నట్టే. ఆ లోపంతోనే తమ స్థానాలు తేల్చారన్న బాధ మాత్రం ఆ జట్లకు మిగిలింది.

ఈ కథ 2025 సెప్టెంబరులో ఇంకో మలుపు తిరిగింది. గాజా యుద్ధానికి నిరసనగా స్పెయిన్‌లో జనం రోడ్ల మీదికి వచ్చి, ఇజ్రాయెల్-ప్రీమియర్ టెక్ జట్టు ఉండకూడదని వుయెల్టాను అడుగడుగునా అడ్డుకున్నారు. మాడ్రిడ్‌లో చివరి స్టేజీ మధ్యలోనే ఆపేశారు. జట్టును ఎవరు పిలిచారంటే నిర్వాహకులు యూసీఐ వైపు చూపించారు. నిజమే, రెండో శ్రేణిలో పాయింట్లలో ముందున్న జట్లకు ఆహ్వానం తప్పనిసరి అన్నది నిబంధన. 2008లో పిలిచే హక్కు తమదేనని యుద్ధం చేసినవాళ్ల వారసులు, కష్టమొచ్చేసరికి ఆ హక్కు తమకు లేదన్నారు. ఆ జట్టు తర్వాత పేరు మార్చుకుంది.

అదే ఏడాది జూన్‌లో వన్ సైక్లింగ్ ప్రతిపాదనను యూసీఐ తిరస్కరించింది. కొన్ని జట్లు సౌదీ పెట్టుబడితో కొత్త రేసులు పెట్టి ఆదాయం పంచుకోవాలనుకున్నాయి. ఏఎస్‌ఓ అందులో చేరలేదు. తమ నిబంధనలకు సరిపడదని యూసీఐ చెప్పింది. టీవీ డబ్బులో వాటా కోసం జట్లు వెతికిన దారి అలా మూసుకుంది.

ఇక మన కుర్రాళ్ల ప్రశ్న. జట్టు ముందు మూడో శ్రేణిలో, అంటే కాంటినెంటల్ స్థాయిలో నమోదు కావాలి. తర్వాత రెండో శ్రేణి, అంటే ప్రో టీం లైసెన్సు రావాలి. మన దేశ జట్టేదీ ఇంకా ఆ మెట్టు ఎక్కలేదు. పుణే లాంటి రేసులో ఓవరాల్ విజేతకు 40 పాయింట్లు, టూర్ విజేతకు 1300. ఇప్పుడు మూడు వారాల రేసుకు 23 జట్లు. 18 వరల్డ్ టూర్ జట్లు, తర్వాత ర్యాంకింగ్‌లో ముందున్న కొద్ది ప్రో టీంలు పోగా చివరి ఒకటి రెండు సీట్లు నిర్వాహకుల ఇష్టం. పాయింట్లలో అంత ముందు లేని జట్టు టూర్‌కు వెళ్లగలిగేది ఆ చివరి సీట్లలోనే, అదీ యూసీఐ ర్యాంకింగ్‌లో తొలి 30లో ఉంటేనే. అవి ఎవరికిచ్చినా, ఎందుకిచ్చామో ఏఎస్‌ఓ ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.