కుక్కర్ రబ్బరు, కట్టెల పొయ్యి తాడు

మొన్న మా ఇంట్ల కుక్కర్ విజిల్ కొడ్తలేదు, మూత చుట్టూ సుయ్‌మని ఆవిరి పోవుడే తప్ప పప్పు ఉడుకుతలేదు. కొత్త గాస్కెట్ కోసం నల్గొండ క్లాక్ టవర్ దిక్కు బయల్దేరుతుంటే అమెరికా నుంచి మా బామ్మర్ది వీడియో కాల్ చేసిండు, చూస్తే ఆయన గూడ గాస్కెటే మారుస్తుండు, కాకపోతే కట్టెల పొయ్యి తలుపుకు. పొయ్యికి తలుపేందీ, మూడు రాళ్లే గదా అంటరేమో, అక్కడ చలికి ఇంట్ల పెట్టుకునేది ఇనుప డబ్బా లాంటి పొయ్యి, ముందట అద్దం తలుపు, పొగ పైపుల నుంచి మిద్దె మీదికి పోతది.

రెండూ గాస్కెట్లే గానీ పని ఉల్టా. కుక్కర్ రబ్బరు ఆవిరిని బయటికి పోనియ్యదు, లోపల ప్రెషర్ పెరిగి నీళ్లు 100 డిగ్రీల కాడ కాకుండ 120 దగ్గర మరుగుతయ్, పప్పు జల్ది మెత్తబడేది అందుకే. పొయ్యి తలుపు అంచు చుట్టూ గాస్కెట్ లెక్క పెట్టే తాడేమో బయటి గాలిని లోపలికి రానియ్యదు. వేడి పొగ పైపుల పైకి ఎక్కుతుంటే పొయ్యి గాలిని గుంజుతది, తలుపు కాడ సందు దొరికితే చాలు, గాలి కంత ఎంత మూసినా మంట తగ్గది, కట్టెలు గబగబా కాలిపోతయ్.

ఆ వేడికి రబ్బరైతే మాడి మసైతది, అందుకే గాజు నారతోటి అల్లిన తాడు పెడ్తరు. కొత్తల మెత్తగ నలిగి సందులన్నీ నింపుతది, ఏండ్లు గడిస్తే చదునై గట్టిపడ్తది. బామ్మర్ది చల్లారిన పొయ్యి తలుపు సందుల కాయితం పెట్టి మూసి గుంజిండు, అలకగ వచ్చేసింది. "సీల్ పోయింది బావా" అన్నడు. పాత జిగురు గీకి, వేడికి తట్టుకునే సిమెంటు పూసి తాడు పెట్టాలె, సాగదీయొద్దు, సాగితే సన్నబడ్తది. పోయినసారి ఈయన సాగదీసి పెట్టి, తాడు మిగిలిందని సంబురపడ్డడట!

కుక్కర్‌కు ఈ కాయితం టెస్టు నడువది. లోపలి మూత కుక్కర్ల ఆవిరే మూతను పైకి నెట్టి రబ్బరును అంచుకు నొక్కుతది, పొయ్యికైతే ఆ నొక్కుడంతా తలుపు గొళ్లెందే, అది లూజైతే కొత్త తాడు పెట్టినా దండుగ.

షాపాయన నా పాత రబ్బరును రెండు వేళ్లతోటి మడిచిండు, సన్న సన్న పగుళ్లు నోరు తెరిచినయ్. "ఐదు లీటర్లదా?" అని అడిగి కొత్తది చేతుల పెట్టిండు.