బండి ఆపినప్పుడు కారణం అడగండి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో కొందరికి ఈమధ్యే డ్రైవింగ్ లైసెన్సులు వచ్చాయి, కొందరు పై చదువులకు అమెరికా వెళ్లి అక్కడ కార్లు నడుపుతున్నారు. బండి నడపడం నేర్పినవాళ్లు మీకు ఉన్నారు గానీ, పోలీసు చెయ్యెత్తి బండి ఆపి, ఎందుకు ఆపారో చెప్పకుండానే అదీ ఇదీ అడుగుతున్నప్పుడు ఎంతవరకు ఒప్పుకోవాలో చెప్పినవాళ్లు తక్కువ. చాలాకాలం న్యాయవాదిగా పనిచేసినవాణ్ని కనుక ఆ సంగతి నేను రాస్తున్నాను. వాహనాన్ని ఆపే అధికారం పోలీసులకు చట్టం ఇచ్చింది, దానిని గౌరవించాలి. అయితే ఏ కారణం మీద ఆపారో ఆ కారణమే ఆ అధికారానికి హద్దు కావాలి. ఈ ఉత్తరంలో మిగిలిందంతా ఆ హద్దు గురించే.

2021 అక్టోబరులో హైదరాబాదులో జరిగింది మీకు గుర్తుండకపోవచ్చు. గంజాయిని అరికట్టాలని రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా ఆదేశించడంతో నగరంలో తనిఖీలు ముమ్మరమయ్యాయి. దారిన పోయే ద్విచక్ర వాహనాలను, ఆటోలను ఆపి, సంచులు, జేబులు వెతకడంతో సరిపెట్టక, సెల్‌ఫోన్లు తెరిపించి వాట్సాప్‌లో ‘గంజాయి’ అనే మాట కోసం వెతికారు. ఆ వీడియోలు బయటికి వచ్చి, విలేకరులు ఇది చట్టబద్ధమేనా అని అడిగినప్పుడు, తాము ఎవరినీ బలవంతం చేయడం లేదనీ, ప్రజలే సహకరిస్తున్నారనీ, ఎవరూ ఫిర్యాదు చేయలేదు కనుక ఇందులో చట్టవిరుద్ధమేమీ లేదనీ ఒక ఉన్నతాధికారి జవాబిచ్చారు.

పిల్లలూ, ఆ జవాబును జాగ్రత్తగా చూడండి. ఇరవై ఏళ్ల కుర్రవాడు, డ్యూటీకి ఆలస్యమవుతున్నవాడు, చుట్టూ ఖాకీ దుస్తుల్లో నలుగురు నిలబడి ఉండగా ‘ఫోన్ చూపించు’ అంటే తీసి ఇస్తాడు. ఇవ్వకపోతే ఏమవుతుందో అతనికి తెలియదు, ఇవ్వనవసరం లేదని చెప్పేవారూ అక్కడ ఉండరు. ఆ భయాన్నే సహకారమని లెక్కవేసి, ఆ సహకారాన్నే చట్టబద్ధతకు ఆధారంగా చూపించారు. గంజాయి అమ్మకం మన ఊళ్లలో పిల్లల జీవితాలను పాడుచేస్తున్న మాట నిజం, దానిని అరికట్టాల్సిందే. కానీ ఆ పేరుతో దారిన పోయే ప్రతి మనిషి సొంత మాటలనూ చదవడం తప్పు అని నేను నిస్సంకోచంగా అంటాను.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా చెప్పింది. ఆ హక్కుకు పరిమితులు పెట్టవచ్చు గానీ, దానికి ఒక చట్టం ఉండాలి, న్యాయమైన ప్రయోజనం ఉండాలి, చేసే పని ఆ ప్రయోజనానికి తగినంత మేరకే ఉండాలి. నేరం ఆరోపించబడిన వ్యక్తిని తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యమివ్వమని బలవంతం చేయరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం అంటోంది. మాదకద్రవ్యాల చట్టమే తీసుకోండి. బహిరంగ ప్రదేశంలో ఎవరినైనా ఆపి సోదా చేసే అధికారం అందులోని 43వ సెక్షన్ ఇస్తుంది కానీ, ఆ మనిషి నేరం చేశాడని నమ్మడానికి అధికారి దగ్గర కారణం ఉండాలని అదే సెక్షన్ షరతు పెట్టింది. ఒంటిని సోదా చేసే ముందు గెజిటెడ్ అధికారి ఎదుటో మేజిస్ట్రేటు ఎదుటో చేయించుకునే హక్కు 50వ సెక్షన్ కింద ఉందని ఆ వ్యక్తికి తెలియజేయాలని 1999లో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆడపిల్లలను మహిళలే సోదా చేయాలి. సాయంత్రం పూట ఫలానా బస్తీ మీదుగా బండి మీద వెళ్లడం నమ్మదగిన కారణం కాదు.

మామూలు వాహన తనిఖీలో మాత్రం వాదనకు దిగకండి. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించడం మీ బాధ్యత. డిజిలాకర్, ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లలో ఉన్న పత్రాలు కాగితాలతో సమానంగా చెల్లుతాయి. తాగి నడుపుతున్నారని అనుమానించడానికి తగిన కారణం ఉండి ఊదమంటే ఊదండి, కాదంటే కేసు ఇంకా బరువెక్కుతుంది. బండి తాళంచెవి లాగేసుకోవడం మన దగ్గర అలవాటుగా జరుగుతోంది గానీ మోటారు వాహనాల చట్టంలో అలా చేయమని ఎక్కడా లేదు. మద్యం తాగి నడిపిన కేసుల్లో కూడా, పక్కన తాగనివాడు, లైసెన్సు ఉన్నవాడు ఉంటే బండిని అతనికి అప్పగించాలని, ఎవరూ లేకపోతే బంధువులకో స్నేహితులకో కబురు చేయాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టం చేసింది.

అమెరికాలో ఉన్నవాళ్లు ఈ మాట ప్రత్యేకంగా వినండి. మన ఊళ్లో పోలీసు ఆపితే బండి దిగి ఎదురువెళ్లి మాట్లాడటం మర్యాద. అక్కడ అదే ప్రాణాపాయం. కారు పక్కకు తీసి, లోపలే కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద కనబడేలా ఉంచండి, దిగమంటే దిగండి. వెనక లైటు వెలగకపోవడం, లైను మారేటప్పుడు సిగ్నల్ వేయకపోవడం వంటి చిన్న తప్పు ఏదైనా నిజంగా ఉంటే చాలు, అధికారి మనసులో ఉన్న అసలు ఉద్దేశం ఏదైనా ఆపడం చెల్లుతుందని అక్కడి సుప్రీంకోర్టు 1996లో, రెన్ కేసులో, చెప్పింది. కొత్త దేశంలో నాలుగు రోజులు కారు నడిపితే అలాంటి తప్పు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది కనుక, ఆ తీర్పు సాకులకు తలుపు తెరిచిందని నా అభిప్రాయం. కాలిఫోర్నియాలో ఒక అర్ధరాత్రి హెడ్‌లైటు వెలగడం లేదని ఆపిన కారును ‘చూడవచ్చా’ అని పోలీసు అడగడం, లోపలివారిలో ఒకరు ‘చూసుకోండి’ అనడం, దొంగిలించిన చెక్కులు బయటపడటం వల్ల నడిచిన కేసులో, వద్దనే హక్కు ఉందని ముందుగా చెప్పాల్సిన పని పోలీసుకు లేదని 1973లో అదే కోర్టు తేల్చింది. అంటే వద్దనవచ్చునన్న సంగతి మీరే తెలుసుకుని ఉండాలి. అడ్డుపడకుండా, మర్యాదగా, ‘సోదాకు నేను ఒప్పుకోవడం లేదు’ అని ఒక్కసారి చెబితే చాలు. అరెస్టు చేసినప్పుడు సైతం వారంటు లేకుండా ఫోన్‌లోని సమాచారం చూడరాదని 2014లో, రైలీ కేసులో, తీర్పు వచ్చింది. ఆ కేసు కూడా రిజిస్ట్రేషన్ గడువు దాటిందని ఆపిన కారుతోనే మొదలైంది. జరిమానా టికెట్టు రాసే పని ముగిశాక, కొత్త అనుమానానికి ఆధారం లేకుండా, మాదకద్రవ్యాలు పసిగట్టే కుక్కను తెప్పించి వాసన చూపించడానికని కారును నిలిపి ఉంచరాదని 2015లో ఇంకో తీర్పు వచ్చింది.

ఇటువంటి తనిఖీలు అందరి మీదా సమానంగా పడవు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ తనిఖీల వివరాలు పరిశీలించి, చీకటి పడి నడిపేవారి రంగు కనబడనప్పుడు ఆపినవారిలో నల్లజాతివారి వాటా తగ్గుతోందని 2020లో ప్రచురించారు. మన నగరాల్లో పెద్ద కారు అద్దం దించమనడానికి తటపటాయించే చెయ్యి, పాత బైకు మీద వచ్చే కుర్రవాడి జేబులోకి సులువుగా వెళుతుంది. మీ ఇంటి పేరో, మీ బండి ధరో చూసి మిమ్మల్ని త్వరగా వదిలేస్తే, పక్కన నిలబెట్టిన మరో కుర్రవాడి సంగతి గమనించి, వీలైతే అతని కోసం ఒక మాట అడగండి.

ఆపినప్పుడు పారిపోవద్దు, గొంతు పెంచవద్దు. ‘సార్, ఎందుకు ఆపారో దయచేసి చెబుతారా’ అని అడగండి. ఫోన్ ఇవ్వమంటే, ‘ఏ కేసు మీద, ఏ సెక్షన్ కింద సార్’ అనండి. పరిస్థితి చేయిదాటేలా ఉంటే ఆ క్షణానికి తగ్గండి. మీ ప్రాణం కంటే ఏ హక్కూ పెద్దది కాదు, పోరాటం తరువాత కాగితం మీద చేయవచ్చు. మన దేశంలో అదుపులోకి తీసుకుంటే కారణం చెప్పాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి, ఇంటివారికి తెలియజేయాలి. ఇంటికి వచ్చిన వెంటనే తేదీ, వేళ, చోటు, నేమ్ ప్లేటు మీది పేరు, చలాన్ నంబరు రాసిపెట్టుకోండి. మరచిపోయాక రాసిన ఫిర్యాదుకు విలువ తగ్గుతుంది. ఆ కాగితాన్ని కమిషనరుకో ఎస్పీకో, అక్కడ పని కాకపోతే మానవ హక్కుల కమిషన్‌కో పంపవచ్చు.

మీ అమ్మానాన్నలకు కూడా ఈ ఉత్తరం చూపించండి. పిల్లవాడు తనిఖీలో నిలబడి ఇంటికి వచ్చినప్పుడు, ‘నువ్వేదో చేసి ఉంటావు’ అని మొదలుపెట్టకుండా, ‘ఏమని ఆపారు, ఏమడిగారు’ అని వాళ్లు అడగాలని నా కోరిక.

మీ తాతయ్య