మన్రో దొర, ధాత కరువు, ప్రపంచ పౌరసత్వం

ఎన్సీఈఆర్టీ ఎనిమిదో తరగతి చరిత్ర పుస్తకంలో ఏళ్ల తరబడి ఒక పేరా నడిచింది. దక్షిణాదిలో రైత్వారీ పద్ధతిని, అంటే రైతు దగ్గరే నేరుగా శిస్తు కట్టించుకునే పద్ధతిని, కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ మొదలుపెట్టాడని, థామస్ మన్రో దాన్ని పెంచి పెద్దది చేశాడని దాని సారాంశం. దగ్గరే మన్రో బొమ్మ. ఆయన 1827 జూలై 6న కలరాతో చనిపోయింది పత్తికొండలో. మొదట పాతిపెట్టింది గుత్తి కోట కింద. ఆ సంగతి అందులో ఉండేది కాదు. ఉండాలని కూడా లేదు, అది దేశమంతటికీ వేసిన పుస్తకం. అయితే పత్తికొండ పిల్లవాడు కూడా ఢిల్లీ పిల్లవాడిలాగే దాన్ని బట్టీ పట్టి, రెండు మార్కుల జవాబు రాసి, పేజీ తిప్పేసేవాడు.

ఇంటికెళితే ఇంకో మన్రో ఉంటాడు. మంత్రాలయం మఠం భూముల సంగతి తేల్చడానికి వెళ్లినప్పుడు రాఘవేంద్రస్వామి బృందావనం లోపలి నుంచి ఆయనతో మాట్లాడాడని చెప్పుకుంటారు. కడప జిల్లా గండి దగ్గర పాపాఘ్ని నది మీద, మామూలు కళ్లకు ఆనని బంగారు తోరణం ఆయనకు కనిపించిందట. అది కనబడ్డవాళ్లు ఎక్కువ కాలం బతకరని నమ్మకం. మన్రోలప్ప అని కొడుకులకు పేర్లు పెట్టుకున్న సీమ ఇది.

మూడో మన్రో కూడా ఉన్నాడు, ఆయన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. 1800లో నిజాం, తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చు కింద ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు ధారపోశాడు. దత్త మండలాలు అనే పేరు అప్పుడు వచ్చిందే. (రాయలసీమ అన్న పేరు కోసం 1928 నంద్యాల సభ దాకా, చిలుకూరి నారాయణరావు గారి ప్రతిపాదన దాకా ఆగాల్సి వచ్చింది.) ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన మన్రో కోటలు కట్టుకుని ఊళ్లను ఏలుకునే పాళెగాళ్లను ఎనభై మంది దాకా అణిచాడు. కొందరిని తరిమాడు, కొందరికి పింఛను ఇచ్చి కూర్చోబెట్టాడు. 1801లో శిస్తు గొడవ ముదిరి ఆదోని వైపు తెర్నేకల్లు కోట మీద కంపెనీ సైన్యం దండెత్తింది. పండిన పంటలో శిస్తు 45 శాతం దాకా పోయేది. ఇది మోయలేని భారమని, నాలుగో వంతు తగ్గించాలని 1807లో రాసింది కూడా మన్రోనే. ఆ తగ్గింపు పూర్తిగా దక్కింది ఆయన గవర్నరై తిరిగొచ్చాక.

దేవుడు పలికిన దొర, పేరాలోని దొర, శిస్తు దొర. ఈ ముగ్గురినీ ఒకే పీరియడ్‌లో కూర్చోబెట్టి, ఎవరు నిజమో తేల్చమని పిల్లల్ని అడగడాన్నే విద్యావేత్తలు ఈమధ్య ‘కష్టమైన చరిత్ర’ బోధన అంటున్నారు. దానికి జంటగా వినిపించే మాట ప్రపంచ పౌరసత్వ విద్య, అంటే పిల్లలు తమ ఊరికీ మిగతా ప్రపంచానికీ ఉన్న లంకె తెలుసుకునే చదువు. 2020 జాతీయ విద్యా విధానంలో ఈ మాట పడ్డాక ట్రైనింగుల్లో, సర్క్యులర్లలో తరచూ తగులుతోంది. సోషల్ టీచర్లకు వాట్సాప్‌లో పాఠాల కిట్లు పీడీఎఫ్‌లుగా వస్తున్నాయి. చాలావరకు ఇంగ్లీషులో. లోపల హిరోషిమా, రువాండా, బెర్లిన్ గోడ.

ఈ సరుకు అలా ఎందుకుందో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, పాఠ్యపుస్తకాలే పొరుగు దేశం మీద పగ నూరిపోశాయన్న భయం యూరప్‌ను పట్టుకుంది. 1945లో పుట్టిన యునెస్కో పనుల్లో పుస్తకాల్లోంచి ఆ విషం తీయడం ఒకటి. 1951లో ఫ్రాన్స్, జర్మనీ చరిత్ర ఉపాధ్యాయులు కూర్చుని, తగాదా ఉన్న అంశాల మీద ఒక ఒప్పందానికి వచ్చారు. రెండు దేశాల హైస్కూళ్లకు ఒకే చరిత్ర పుస్తకం రావడానికి మాత్రం 2006 దాకా పట్టింది. అంటే యాభై అయిదేళ్లు. 1976లో అమెరికాలో, బోస్టన్ పక్కన బ్రూక్‌లైన్‌లో, ఇద్దరు టీచర్లు యూదుల ఊచకోత గురించి పాఠం తయారు చేసుకున్నారు. హిట్లర్ ఏం చేశాడని ఆగకుండా, పక్కింటివాడు ఎందుకు నోరు మూసుకున్నాడని అడిగే పద్ధతి దానిది. ఇవాళ మనకొచ్చే కిట్లలో చాలావాటికి మూలం అలాంటి పాఠాలే.

ఐక్యరాజ్యసమితి వైపు నుంచి చూస్తే, అంతర్జాతీయ అవగాహన కోసం విద్య అన్న సిఫారసును యునెస్కో 1974లో చేసింది. 2015లో సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 4.7 అంశంగా ప్రపంచ పౌరసత్వం చేరింది. 2023 నవంబరులో ఆ పాత సిఫారసును తిరగరాశారు. మనదాకా వచ్చేసరికి అది లెసన్ ప్లాన్‌లో నింపాల్సిన ఒక గడి అయింది.

కిట్లను తప్పుపట్టను. హిరోషిమా మన పిల్లలకు తెలియాల్సిందే. నా పేచీ వేరే: దూరపు దుఃఖం చెప్పడం సులువు, అందులో మన ఊరివాళ్లెవరూ ఉండరు. పైగా ప్రపంచమంతా ఒక్కసారిగా దెబ్బతిన్న సంఘటన ఒకటి కర్నూలు, కడప, అనంతపురాల మధ్యే జరిగింది. ముసలివాళ్ల నోట దాని పేరు ధాత కరువు.

తెలుగు సంవత్సరాల్లో ధాత అంటే 1876-77. ఆ ఏడు, ఆ తర్వాతి ఈశ్వర, రెండేళ్లూ వానలు ముఖం చాటేశాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో అందరికంటే ఎక్కువ నలిగినవి బళ్లారి, కర్నూలు, కడప. 1871 లెక్కలతో పోలిస్తే 1881 లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తక్కువ తేలింది. చనిపోయినవాళ్లు, ఊళ్లు వదిలి పోయినవాళ్లు, పుట్టనివాళ్లు, అందరూ ఆ తేడాలో ఉన్నారు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ వైస్రాయి లిట్టన్ దర్బారు చేస్తున్నప్పుడు ఇక్కడ ప్రభుత్వం కరువు సాయంగా పెట్టిన రాళ్లు కొట్టే పనుల దగ్గర జనం బారులు తీరి ఉన్నారు.

ఆ పనులకు కూలి ఎంతుండాలో తేల్చడానికి వచ్చినవాడు సర్ రిచర్డ్ టెంపుల్. మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా. ఆడవాళ్లకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అనే డాక్టరు ఇది మనిషిని చంపే కూలి అని పోట్లాడాడు. 1877లోనే ప్రభుత్వం దాన్ని కొంత పెంచక తప్పలేదు. మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ధాన్యం కొనిపిస్తే వైస్రాయి అభ్యంతరం చెప్పాడు. తెల్లవాళ్లంతా ఒకే మాట మీద లేరని పిల్లలకు ఇక్కడే చూపించొచ్చు.

ఆదోని వైపు ఒక హైస్కూల్లో ఈ పాఠం జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను. సోషల్ సారు పక్క కిరాణా కొట్టు నుంచి తక్కెడ, జొన్నలు తెచ్చాడు. 450 గ్రాములు తూచి టేబుల్ మీద న్యూస్ పేపర్లో పోశాడు. “ఇది పిండి పడితే ఎన్ని రొట్టెలవుతాయి?” అబ్బాయిలు పది అన్నారు, పన్నెండు అన్నారు. ఆడపిల్లలు నవ్వారు. “నాలుగు సార్. పల్చగా తడితే ఐదు.” మూడో వరుసలో పిల్ల లేచి, “మా నాయన చేనికాడికి పోతే పొద్దున్నే మూడు తింటాడు” అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆయన బోర్డు మీద రాశాడు: రోజంతా రాళ్లు కొట్టాలి. రెండేళ్లు.

ఇది సీమ కథేగా, ప్రపంచం ఎక్కడుంది అంటారేమో. అవే ఏళ్లలో చైనాలో షాన్షీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలు ఎండిపోయాయి. అక్కడ చనిపోయినవాళ్లు కోటికి అటూ ఇటూ అంటారు. బ్రెజిల్‌లో సియారా ప్రాంతానికి 1877 నుంచి అదే గతి. ముగ్గురికీ దెబ్బ ఒకే చోట నుంచి తగిలింది. పసిఫిక్ సముద్రం వేడెక్కి గాలుల దారి మారడాన్ని ఇప్పుడు ఎల్‌నినో అంటున్నాం. అప్పటికి ఆ పేరు లేదు. 1875లో మొదలైన భారత వాతావరణ శాఖలో హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ ఆ రెండేళ్ల గాలి పీడనం లెక్కలు గమనించాడు. తరువాతి తరంలో గిల్బర్ట్ వాకర్ ఆ దారమే పట్టుకుని, సముద్రాల అవతలి గాలికీ మన వానకూ లంకె చూపించాడు. వాన పడకపోవడం సముద్రం పని. మనుషులు చావడం మాత్రం అంతా సముద్రం పని అనలేం. మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు మార్గం 1871కే పూర్తయింది, కడప, ఆదోని మీదుగానే. బళ్లకొద్దీ ధాన్యం వచ్చింది, కొనే డబ్బు జనం దగ్గర లేదు. దేశం నుంచి గోధుమల ఎగుమతీ ఆగలేదు. ఆ గోధుమలు చేరిన లండన్‌లోనే నగర మేయరు పేరున మనకోసం చందాలూ వసూలయ్యాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పిల్లల్ని వాదించుకోనిస్తే, ప్రపంచ పౌరసత్వానికి వేరే వర్క్‌షీటు అక్కర్లేదు.

కరువు అన్న మాటకూ ఒక కథ ఉంది. 1820లో కడపలో ఉద్యోగానికి వచ్చి అక్కడే తెలుగు పట్టుకున్న సి.పి. బ్రౌన్, 1832-33 నందన కరువు నాటికి గుంటూరులో ఉన్నాడు. ప్రభుత్వం వాడమన్న మాట ‘కొరత’. బ్రౌన్ రాసింది ‘కరువు’. పైవాళ్లకు అది నచ్చలేదు. అనంతపురం పిల్లలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఫలానా మండలాన్ని కరువు మండలంగా ప్రకటిస్తారా లేదా అని పెద్దలు పేపరు చూడటం వాళ్లు పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే.

కరువు చెప్పడానికి తక్కెడ చాలు. కొన్ని పాఠాలకు తక్కెడ పనికిరాదు. 1871 నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసుకూ వర్తింపజేశాక, ఎరుకల వంటి కులాలవాళ్లు పుట్టుకతోనే దొంగలయ్యారు. ఊరు దాటాలంటే హాజరు వేయించుకోవాలి. కర్నూలు జిల్లా సిద్ధాపురంలో వాళ్లను ఉంచిన సెటిల్‌మెంటు ఉండేది. 1952 ఆగస్టు 31న దేశమంతటా చట్టం పోయింది, పోలీసు చూపు అంత త్వరగా పోలేదు. ఈ పాఠం చెప్పేటప్పుడు ఆ కులం పిల్ల క్లాసులోనే ఉండొచ్చు. “మీవాళ్ల గురించి చెప్పమ్మా” అని ఆ పిల్లను లేపడం కన్నా పెద్ద పొరపాటు లేదు. మొదట చట్టాన్ని బోనులో నిలబెట్టాలి: ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరికి లాభం. పిల్లలు తమంతట తాము చెప్పుకుంటే అది వేరే సంగతి. ఫ్యాక్షన్ పాఠమైతే ఎవరూ చెప్పరు, సినిమాలు ముందే చెప్పేశాయి, సుమోలు గాల్లోకి లేపి మరీ.

సరుకు లేదనడానికి వీల్లేదు. కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాలతో రాయించిన ఊరి చరిత్రలు, కైఫీయత్తులు ఉన్నాయి. కడప జిల్లావి సంపుటాలుగా కడప బ్రౌన్ గ్రంథాలయం వేసింది. అవి తెలుగులోనే ఉన్నాయి. చెరువు ఎవరు కట్టించారు, మాన్యం ఎవరికిచ్చారు, ఏ దండు వచ్చి ఊరు పాడుచేసింది, అన్నీ అందులో దొరుకుతాయి. 1952 ప్రాంతంలో కరువు గంజి కేంద్రాల ముందు గిన్నె పట్టుకుని నిలబడిన జేజిలు ఇంకా అక్కడక్కడ ఉన్నారు. రాయచోటి, రాజంపేట క్లాసుల్లో అమ్మ కువైట్‌లో ఉన్న పిల్లలున్నారు. ఆదోని, ఎమ్మిగనూరు క్లాసుల్లో సుగ్గికని అమ్మానాన్నలతో గుంటూరు మిరప చేలకు పోయి, ఉగాది దగ్గరపడ్డాక తిరిగొచ్చే పిల్లలున్నారు. ధాత కరువులో ఊరొదిలిన వాళ్ల పాఠం ఆ పిల్లలకు మిగతావాళ్ల కంటే ముందే తెలుసు.

లేనివి టైము, జెరాక్స్ డబ్బులు. పీరియడ్ నలభై నిమిషాలు. పరీక్షలో కైఫీయత్తు మీద ప్రశ్న రాదు. ఆ జొన్నల సారు తన ఊరి పక్క ఊరి కైఫీయత్తు రెండు పేజీలు సొంత డబ్బుతో నలభై కాపీలు తీయించుకున్నాడు. పాత కరణాల భాష అర్థం కాని మాటలకు మార్జిన్‌లో పెన్సిలుతో అర్థాలు రాసుకున్నాడు. అందులో ఇనాం (శిస్తు లేకుండా ఇచ్చిన భూమి) అన్న మాట దగ్గర, లాటరీ అనుకుంటారేమోనని రెండు గీతలు గీసి పెట్టుకున్నాడు.